షట్టర్ మీద కాగితం ముక్క

జమున మెకానిక్ కాదు. ఇంజనీరు అంతకన్నా కాదు. ఆబిడ్స్‌లో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్లుగా అటెండర్. గాజు గొట్టాలు కడగడం, వెర్నియర్ కాలిపర్స్‌కు నూనె చుక్క వేయడం, పిల్లలు పారేసిన స్క్రూలు బల్లల కింద దేవులాడడం, పొద్దున్నే బోర్డు మీద తేదీ, దాని కింద ఆనాటి గది ఉష్ణోగ్రత రాయడం ఆమె కొలువు. ఈ కొలువు చేసుకుంటూనే నాంపల్లిలో తాము కిరాయికుంటున్న పోర్షన్ ముందు, రేకుల పందిరి కింద, ఆరేళ్లు తిప్పలు పడి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి తయారు చేసింది. చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయిందేమీ లేదు, బండి అక్కడే ఉంది, పోయి చూసుకోవచ్చు.

ఆమె భర్త అంజన్ గౌలిగూడలో డెంటర్. సొట్టలు పడ్డ బండ్ల రేకు సాపు చేయడం అతని పని. వాళ్ల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత ఫియట్ టాక్సీని తుక్కుకు వేస్తున్నారని ఒకరోజు అన్నం తింటూ మాటవరసకు చెప్పాడు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది గదా. ఇంటికి పట్టుకరా," అంది జమున.

"తెచ్చి ఏం జేస్తవే? టాక్సీ నడుపుతవా?"

"టాక్సీ ఎందుకు? ఉరికే బండి జేస్త."

అంజన్ పడీ పడీ నవ్వాడు. రెండేళ్లు తిరిగేసరికి సుత్తి పట్టుకుని ఆ బండికి రేకు కొడుతున్నది అతనే. ఇంజన్ జమునది, ఒళ్లు అంజన్‌ది. ఇంజన్ విప్పే పుస్తకాలన్నీ వెంకటనర్సయ్య దగ్గర దొరికాయి. ఆదివారం ఆబిడ్స్ దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకునే పెద్దమనిషి అతను. ఉండేది వీళ్ల సందులోనే. ఏ మూల నుంచి ఏ మాన్యువల్ వచ్చినా "ఇది మా చెల్లెది" అని పక్కన దాచేవాడు. ఇక ఇంత మారిపోయిన బండికి కాగితాలు తెచ్చుకోవడానికి జమున తిరిగిన తిరుగుడు ఎత్తుకుంటే ఈ కథ తెగదు. వచ్చాయి, అంతే.

బండి మొదటిసారి స్టార్టయిన రోజు సందులో ఉన్న పావురాలన్నీ లేచిపోయాయి. సైలెన్సర్ లేని ఇంజన్ అది. సందు మొత్తం బయటికి వచ్చి తిట్టింది. ఆ తిట్లు న్యాయమైనవేనని జమున కూడా ఒప్పుకుంది. బజారులో దొరికే సైలెన్సర్ ఏదీ దానికి కుదరలేదు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచే బండి కింద డోలంత డబ్బా కడితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఊడి చేతికొస్తుంది. అందుకని సొంతంగా చేసుకుంది. చిల్లులు పొడిచిన గొట్టం లోపల, దాని చుట్టూ పత్తి, పైన రేకు. పత్తి సలహా అంజన్‌ది. పాత పరుపులో బోలెడుంది గదా అన్నాడు. నిప్పులాంటి పొగకు పత్తి ఏమవుతుందో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. అంజన్ ఎవర్నీ అడగలేదు. నాంపల్లి స్టేషన్ ముందర బండి వెనక నుంచి పరుపు కాలిన పొగ లేస్తుంటే ఆటోవాళ్లు నీళ్ల సీసాలు పట్టుకుని ఉరికొచ్చారు.

రెండోసారి పత్తికి బదులు అంట్లు తోమే స్టీలు పీచు చుట్టి, దాని మీద గ్లాస్ ఊల్ కప్పారు. ఈసారి గర్జన పోయింది. మోటారు సైకిల్ కన్నా నెమ్మదిగా మాట్లాడుతోంది బండి. జమున దాన్ని రోజూ ఏమీ తీయదు. ఆదివారం పొద్దున ఏడింటికి తీసి, సందు దాటి ఆబిడ్స్ మీదుగా స్టేషన్ దాకా ఒక చుట్టు చుట్టి, ఎనిమిదింటికల్లా తెచ్చి పందిరి కింద పెట్టేస్తుంది. వారానికి ఒక గంట. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకొకరి ప్రయోగాలకు గొట్టాలు కడిగిన మనిషికి ఆ గంట ఎంతటిదో ఆమెకే తెలుసు.

ఆ గంట మీదికే వచ్చారు రాధాకృష్ణమూర్తి గారు, పదకొండు సంతకాల కాగితంతో.

రాధాకృష్ణమూర్తి గారిది సందు మధ్యలో రెండంతస్తుల సొంత ఇల్లు. కింద జిరాక్స్ దుకాణం కిరాయికిచ్చి పైన ఉంటారు. రిటైరయ్యే దాకా అదే కాలేజీలో, అదే ల్యాబులో ఫిజిక్స్ లెక్చరర్. అంటే జమునకు ఒకప్పటి పైవాడు. వాళ్లిద్దరి మధ్య పంతొమ్మిదేళ్ల నాటి ముచ్చట ఒకటుంది. అది చెప్పకపోతే ఈ కథకు కాళ్లు లేవు.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో అనునాద గొట్టం ప్రయోగమని ఒకటి ఉంటుంది. నిలువు గాజు గొట్టంలో నీళ్లుంటాయి. పైన ట్యూనింగ్ ఫోర్క్ మోగించి పట్టుకుని, నీటి మట్టాన్ని మెల్లగా దించుతూ పోతే ఒకచోట గొట్టం గుయ్యిమని పలుకుతుంది. ఆ ఎత్తు రాసుకోవాలి. చెవి ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. కానీ మన దగ్గర చెవితో వినేదెవరు? పాత రికార్డులో 16.2 అని ఉంటే అందరూ కళ్లు మూసుకుని 16.2 అని రాసేవారు. ఆ ఏడు పాత ఫోర్క్ విరిగితే వేరే పెట్టెలోంచి ఇంకోటి తెచ్చిపెట్టారు. దానికి గొట్టం 17.3 దగ్గర పలికింది. విన్నది విన్నట్టు 17.3 అని రాసిన పిల్ల ఒక్కతే, శ్రీనిధి. రాధాకృష్ణమూర్తి గారు ఆ రీడింగును ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆయన సంగతి ఊరందరికీ తెలుసు: పక్కన సెంటీమీటర్లని రాయకపోతేనే అర మార్కు కోసే మనిషి. జమునకు ఉండబట్టలేదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందే నోరు తెరిచింది.

"సార్, ఆ పిల్ల రాసిందే కరెక్టు. ఫోర్క్ మారింది."

ల్యాబు మొత్తం చూస్తుండగా రాధాకృష్ణమూర్తి గారు అన్నారు: "గొట్టాలు కడగడం నీ పని జమునా. రీడింగులు చెప్పడం కాదు."

ఆ మాట పంతొమ్మిదేళ్లుగా ఆమె గుండెలో మంటగానే ఉంది. ఆయన రిటైరయినా ఆరలేదు. ఇప్పుడు అదే మనిషి సంతకాలు పట్టుకుని పందిరి ముందు నిలబడితే ఎట్లా ఉంటుంది?

"నీ బండి పోతుంటే మా ఇల్లంతా మోగుతోందమ్మా. మా ఆవిడకు తలనొప్పి. ఇక లాభం లేదు, పోలీస్ స్టేషన్‌లో ఇస్తాను ఈ కాగితం," అన్నారాయన.

"ఏం మోగుతుంది సార్? మీ ఇంటి ముందు రోజు పొద్దుగూకులు ఆటోలు పోతయి, బుల్లెట్లు పోతయి. వాటికి లేని తలనొప్పి నా బండికే వస్తదా?"

"నీ బండి వచ్చినప్పుడే వస్తుంది. అది కూడా ఆదివారమే."

"నేను తీసేదే ఆదివారం గదా సార్! కడుపులో పాత కోపం పెట్టుకొని గిట్ల మాట్లాడుతున్నరు."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగమ్మా?"

ఆ సామెత ఆయన నోట వినేసరికి జమునకు ఒళ్లు మండింది. సందంతా వింటుండగా చేతిలోని స్పానర్ కింద పెట్టి అంది: "రెండు ఆదివారాలు ఇయ్యున్రి సార్. రెండో ఆదివారం గూడ మీ ఇల్లు మోగితే నేనే బండిని ముక్కలు కోయించి పాత ఇనుపోనికి వేస్త. స్టేషన్ దాక మీరు పోవుడు అక్కర్లేదు."

"అమ్మో, ఆగవే!" అన్నాడు అంజన్ వెనక నుంచి.

"మోగకపోతే?" అన్నారు రాధాకృష్ణమూర్తి గారు.

"మోగకపోతే ఆ పొద్దు ఫోర్క్ రీడింగ్ ఎంతనో మీ చేత్తోని రాసియ్యాలె."

ఆయన ముఖం ఒక్క క్షణం మారింది. మళ్లీ సర్దుకుని, సరే అని వెళ్లిపోయారు.

ఆయన చెప్పేది పచ్చి అబద్ధమని జమునకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే, అబద్ధాన్ని బయట పెడదామని, ఆ పొద్దే అంజన్‌ను బండి తీయమంది. తను పోయి జిరాక్స్ దుకాణం ముందు నిలబడింది. ఆదివారం కాబట్టి దుకాణం మూసి ఉంది. బండి సందు ఎత్తు ఎక్కుతూ వస్తోంది. చప్పుడు ఏమంత లేదు. కానీ బండి దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న షట్టర్ మూలిగింది. జమున దాని మీద అరచెయ్యి ఆనించింది. వేళ్ల నుంచి మోచేతి దాకా జుమ్మంది. పైన కిటికీ అద్దాలు కూడా గిలగిలలాడాయి. బండి దాటిపోగానే అన్నీ ఆగిపోయాయి.

మామూలు రోజుల్లో షట్టర్లు పైకి చుట్టేసి ఉంటాయి. ఆదివారం ఒక్కరోజే దిగి ఉంటాయి. ఆమె బండి తీసేది ఆదివారమే. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

శత్రువు మాట నిజమని తేలితే కలిగే బాధ అబద్ధమని తేలితే కలిగే సంతోషం కన్నా పెద్దది. జమున ఆ షట్టర్ మీద ఇంకోసారి అరచెయ్యి ఆనించి చూసింది. సందు చివర పుస్తకాల మూటలు కట్టుకుంటున్న వెంకటనర్సయ్య చూసి దగ్గరికొచ్చాడు.

"ఏమైంది చెల్లె?"

"సార్ చెప్పింది నిజమే అన్నా. షట్టర్ మోగుతుంది."

"అయితే వదిలెయ్యి మరి. పట్టు పట్టుడు దేనికి?"

"ఎందుకు మోగుతుందో ఎరికైంది గదా. ఇంక ఎట్ల వదుల్త?"

మర్నాడు కాలేజీలో ఖాళీ దొరికిన వేళ కాగితం పెన్నూ తీసింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ నిమిషానికి రెండువేల నాలుగువందల చుట్లు తిరుగుతోంది. నాలుగు సిలిండర్లు, చుట్టుకు రెండు పేలుళ్లు; అంటే సెకనుకు ఎనభై దెబ్బలు. ఆ ఎనభై దెబ్బల మంద్రపు గుయ్యికే షట్టర్ బదులు పలుకుతోంది. పీచు, గ్లాస్ ఊల్ దాన్ని ఆపలేవు. దాన్ని ఆపేది ఇంకో గొట్టం. సైలెన్సర్ గొట్టానికి పక్కన ఒక వైపు మూసిన గొట్టం అతికిస్తే, సరైన పొడవు ఉంటే, ఆ ఒక్క గుయ్యి అందులోకి పోయి తిరిగొచ్చి తనను తానే చంపుకుంటుంది. అనునాద గొట్టం అదే, నీళ్లు లేవంతే. ధ్వని వేగం సెకనుకు మూడువందల యాభై మీటర్లు. నోటికొచ్చిన సంఖ్య. దాన్ని ఎనభైతో భాగించి, అందులో నాలుగో వంతు తీసుకుంది: నూటతొమ్మిది సెంటీమీటర్లు.

అంజన్ నూటతొమ్మిది సెంటీమీటర్ల గొట్టం కోసి అతికించాడు. మొదటి ఆదివారం వచ్చింది. ల్యాబులో సోనోమీటర్ తీగ మీద పెట్టినట్టు, చిన్న కాగితం ముక్కను మధ్యకు మడిచి షట్టర్ పిడి మీద కూర్చోబెట్టింది జమున. తీగ కదిలితే కాగితం ఎగిరి పడుతుంది, షట్టర్‌కైనా అంతే. బండి వచ్చింది. కాగితం టక్కున ఎగిరి పక్కనున్న మోరీ కాలువలో పడింది. పై కిటికీలోంచి రాధాకృష్ణమూర్తి గారు చూశారు. కిటికీ రెక్క మూసుకున్నారు. ఆ మూత చప్పుడే ఆమెకు ఎక్కువ తగిలింది.

"పోనియ్యే జమునా," అన్నాడు అంజన్ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని. "మా సేట్‌ను అడుగుత. షెడ్డుల ఒక మూలకు పెట్టుకుందాం. అప్పుడప్పుడు పోయి చూసుకోవచ్చు."

"చూసుకోవడానికి జేసిన్నా నేను? ఆరేండ్లు చూసుడే అయింది. నడిపిస్త."

"నువ్వే అన్నవు గదా, ముక్కలు కోయిస్తనని."

"అన్న. మాట మీదనే ఉంట. కానీ ఇంకా వారం ఉన్నది."

అంజన్ గరిటె అందుకున్నాడు. ఆమె కంచంలో ఇంకో ముద్ద పప్పు వేశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో అతను నేర్చుకున్న విద్య అదొక్కటే.

బుధవారం పొద్దున. పది గంటల బ్యాచి ఇంకా రాలేదు. జమున ఎప్పట్లాగే సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద తేదీ రాసింది. కింద, గది ఉష్ణోగ్రత 29 డిగ్రీలు అని రాసి చెయ్యి ఆపింది. ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ రాస్తున్న వాక్యమే. గది ఉష్ణోగ్రత. ఆ మూడువందల యాభై ఈ గదిది. ఈ గాలిది. సైలెన్సర్‌లో ఉన్నది ఈ గాలా? పరుపు పత్తిని తగలబెట్టిన గాలి అది! వేడి గాలిలో చప్పుడు ఇంకా జోరుగా పరుగెత్తుతుందని రికార్డు మొదటి పేజీలోనే ఉంటుంది. అంటే గొట్టం ఇంకా పొడుగు కావాలి.

జమున బల్ల మీద కూర్చుని గట్టిగా నవ్వింది. విని రాయకుండా పాత అంకె దించేవాళ్లని పంతొమ్మిదేళ్లుగా లోలోపల తిట్టుకుంటూ వచ్చింది. తనూ చేసింది అదే. చెవి పక్కన పెట్టి, నోటికొచ్చిన అంకె దించింది. నవ్వు ఆగాక సిగ్గేసింది. సిగ్గు పోయాక కోపం వచ్చింది, ఈసారి తన మీదే. ఆ కోపం పనికొచ్చే కోపం.

మరి లోపల ఎంత వేడి? ఎవరు కొలుస్తారు? గొట్టం మొదట ఒక వేడి, చివర ఇంకో వేడి. లెక్క వేస్తే మళ్లీ తప్పుతుంది. లెక్క వద్దనుకుంది. ల్యాబులో ఏం చేస్తారో అదే చేయాలి: మట్టాన్ని మెల్లగా దించుతూ వినాలి.

శనివారం మధ్యాహ్నం బండిని గౌలిగూడ షెడ్డుకు తీసుకుపోయారు. పాత గొట్టం కోసేసి రెండు మీటర్ల గొట్టం అతికించారు. దాని చివర మూత వేయకుండా, లోపల బిగువుగా జరిగే ఇనుప బిళ్లను పొడుగాటి ఊచకు బిగించి లోపలికి దూర్చారు. అచ్చం జిరాక్స్ దుకాణానికున్నలాంటిదే అయిన షెడ్డు షట్టర్ దించి దాని పిడి మీద కాగితం ముక్క పెట్టారు. జమున సీట్లో కూర్చుని ఇంజన్ చుట్లు చూపే మీటరు ముల్లును రెండువేల నాలుగువందల మీద పట్టింది. అంజన్ నేల మీద పడుకుని, చేతికి గోనెసంచి చుట్టుకుని, ఊచను వేలెడు వేలెడు జరుపుతున్నాడు. కాగితం పడుతోంది. మళ్లీ పెడుతున్నారు. మళ్లీ పడుతోంది. పదకొండుసార్లు పడింది. పన్నెండోసారి కాగితం వణికింది కానీ నిలబడింది. ఇంకో అర వేలు జరిపితే వణకడం కూడా మానేసింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. షెడ్డులో గాలి మాత్రం ఏదో బరువు దించుకున్నట్టు తేలికయింది.

"ఆగు! గీడనే! ఊచ కదిలించకు!" అని అరిచింది జమున.

కొలిస్తే నూట నలభై ఒకటి. ముప్పై రెండు సెంటీమీటర్ల తేడా. అంత పొడుగు బండి కింద పట్టదు కాబట్టి గొట్టాన్ని గొడుగు పిడిలా వెనక్కి వంచి, చివర మూసి, అంజన్ చీకటి పడేలోగా వెల్డింగ్ చేశాడు.

రెండో ఆదివారం ఏడింటికి రాధాకృష్ణమూర్తి గారు కిందికి దిగారు. ఆయన కూడా పట్టుదల మనిషే. పైన కిటికీ దగ్గర కాదు, మూసిన షట్టర్ వెనక, దుకాణం లోపలే కుర్చీ వేయించుకుని కూర్చుంటానన్నారు. ఎంత చిన్నగా మోగినా తనకు వినబడాలన్నారు. కాఫీ గ్లాసు తీసుకుని పక్క తలుపు గుండా లోపలికి వెళ్లారు. వెంకటనర్సయ్య పుస్తకాల మూట సందు మొగదల దించి, కాగితం ముక్కను తానే మడిచి షట్టర్ పిడి మీద పెట్టి పక్కన నిలబడ్డాడు. సంతకాలు పెట్టినవాళ్లలో నలుగురైదుగురు అరుగుల మీదికి వచ్చారు.

బండి స్టార్ట్ చేసే ముందు జమున కొంగు ముడి ఒకసారి తడుముకుంది. ఈసారి కాగితం పడితే అన్న మాట తప్పే మనిషి కాదు తను. ఇనుప కొట్టువాడి ఫోన్ నంబరు కొంగు ముడిలోనే ఉంది. అంజన్ పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

బండి ఎత్తెక్కింది. షట్టర్ ముందు నుంచి పోయింది. సందు చివర తిరిగి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మూడోసారి ఇంకొంచెం గట్టిగానే తొక్కింది జమున, ఎవరూ మెల్లగా నడిపిందని అనకుండా. వెంకటనర్సయ్య షట్టర్ మీంచి చూపు తిప్పలేదు. మూడు చుట్లూ అయ్యాక ఆమె బండి షట్టర్ ముందే ఆపి దిగింది. 

పక్క తలుపు తెరుచుకుంది. రాధాకృష్ణమూర్తి గారు ఖాళీ గ్లాసుతో బయటికి వచ్చారు, విసుగ్గా.

"ఏమ్మా జమునా, ఎంతసేపు? ఏడున్నరయింది. ఎప్పుడు మొదలుపెడతావు?"

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"మూడుసార్లు పోయొచ్చిన సార్," అంది జమున.

"మూడుసార్లా? నేను ఏదో స్కూటర్ అనుకున్నాను."

"ఔ సార్, పోయొచ్చింది," అన్నాడు వెంకటనర్సయ్య. "నేను గీడనే ఉన్న. చూడున్రి, కాగితం కదల్లే."

రాధాకృష్ణమూర్తి గారు కాగితం వైపు చూశారు. బండి వైపు చూశారు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కష్టంగా వంగి, బండి కిందికి చూశారు. గొడుగు పిడిలా వంగిన గొట్టం, దాని మూసిన చివర. అది ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ముప్పై మూడేళ్లు పాఠం చెప్పిన మనిషి.

"ఎంత పొడుగు?"

"నూట నలభై ఒకటి. ఫస్టు నూటతొమ్మిది అనుకున్న సార్. గది ఉష్ణోగ్రతది వేసిన. తప్పయింది."

"మరి ఇది ఎలా తేల్చావు?"

"చెవితోని."

ఆయన నిటారుగా నిలబడ్డారు. ఆమె చెయ్యి చాచింది. ఎందుకో ఆయనకు తెలుసు. సందుకు తెలుసు. అంజన్ "పోనియ్యే" అని గొణిగాడు, ఆమె పోనివ్వలేదు. పంతొమ్మిదేళ్లు ఎవరు పోనిచ్చారని?

"ఆ మరుసటి వారమే నేను ఒక్కణ్ణే కూర్చుని కొలిచాను," అన్నారు రాధాకృష్ణమూర్తి గారు చిన్న గొంతుతో. "నువ్వు చెప్పిందే నిజం."

 ఆయనకు తెలియదనే జమున ఇన్నేళ్లూ అనుకుంది. తెలియక అన్న మాటైతే ఏనాటికైనా క్షమించొచ్చు కూడా అనుకుంది. తెలిసీ, రోజూ అదే ల్యాబులో ఎదురుపడుతూ, ఒక్క మాట అనలేదు. కోపం కళ్లలోకి నీళ్లుగా వచ్చింది. ఆమె తుడుచుకోలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రాయున్రి సార్."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. కాగితం కోసం చూసి, షట్టర్ పిడి మీద కూర్చున్న ముక్కనే జాగ్రత్తగా తీసి, మడత విప్పి, అరచేతిలో పెట్టుకుని రాశారు. 17.3. పెన్ను మూత పెట్టి ముక్కను ఆమె చేతిలో పెట్టారు.

జమున దాన్ని ఎండకు పట్టి తీరిగ్గా చూసింది. మళ్లీ ఆయనకే తిరిగిచ్చింది.

"సెంటీమీటర్లని రాయలేదు సార్. అర మార్కు పోతది."

రాధాకృష్ణమూర్తి గారు పెన్ను మూత మళ్లీ తీశారు.